శనక్కాయ మీద నింద

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. వారం రోజులుగా మా పేటలో తలెత్తుకుని తిరగలేకపోతున్నాను. డాక్టరుగారి కాంపౌండరు బజారులో ఎదురైతే చాలు, ముక్కు మూసుకుని అవతలి వైపుకి పోతున్నాడు!

సంగతంతా మా బుజ్జిది. అసలు పేరు నాగూర్‌బీ. మాకు పెళ్ళయిన చాన్నాళ్ళకి పుట్టింది. నేనూ మా ఆవిడ మీరాబీ మొక్కని దర్గా లేదు. అందుకే దానికి తుమ్మొస్తే నాకు జ్వరం వస్తుంది. ఇప్పుడు దానికి ఎనిమిదో నెల.

పిల్లని చూడ్డానికి కొత్తపట్నం పక్క పల్లె నుంచి మా అత్త, అంటే మీరాబీ వాళ్ళమ్మ, వచ్చింది. వస్తూ వస్తూ సంచీడు శనక్కాయలు తెచ్చింది. వాళ్ళ ఇసక పొలంలో కాసినవి. బస్సు దిగి కాళ్ళయినా కడుక్కోకుండా మొదలెట్టింది.

"పిల్లకి ఉత్త పాలేం చాలతయ్యే? శనగ్గుళ్ళు వేయించి, పొట్టు తీసి, వెన్నలాగా నూరి జావలో కలిపి పెడితే ఎట్టా ఉంటదో చూడు!"

నాకు భయం పట్టుకుంది. ఎందుకంటారా? ఆమధ్య గుంటూరు బస్సులో నా పక్కన కూర్చున్న కళ్ళజోడు పెద్దమనిషి ఒకాయన చెప్పాడు. "కొంతమంది పిల్లలకి శనక్కాయ పడదండీ. ఎలర్జీ అంటారు. మొహం ఎర్రగా కందిపోయి, పెదాలు వాచి, ఊపిరి కూడా ఆడదు" అన్నాడు. ఆయన నరసరావుపేటలో దిగిపోయాడు గానీ, ఆ మాట మాత్రం నాతోపాటు ఇంటికొచ్చేసింది.

"ఈ ఇంట్లో పిల్ల నోటికి శనక్కాయ తగిలిందో, ఊరుకునేది లేదు!" అని ఖండితంగా చెప్పాను. అత్త సంచీ తీసుకుని వంటింట్లోకి పోయింది. ఒప్పుకుందనుకున్నాను. అదీ నా తెలివి!

ఇక నా ఉద్యోగం మీకు తెలుసుగా, మిరపకాయల కొట్లో గుమాస్తా. సీజన్లో పొద్దున పోతే పిల్ల నిద్రపోయాక గానీ ఇల్లు చేరను. రోజంతా బస్తాలు విప్పించడం, గుప్పెడు కాయలు తీసి విరిచి చూడ్డం, వాసన చూడ్డం. ఏళ్ళ తరబడి ఆ ఘాటులో మునిగి ఉన్నానేమో, నాకు తుమ్మన్నది రాదు. "మస్తాన్‌కి ముక్కు లేదురా!" అంటుంటారు కొట్లో. అదేదో బిరుదైనట్టు మురిసిపోతుంటాను.

పోయిన శనివారం లారీ రాలేదు. పొద్దు వాలకముందే ఇంటికొచ్చేశాను. మంచం మీద కూర్చుని ఆడుకుంటున్న బుజ్జి నన్ను చూసి రెండు చేతులూ చాచింది. ఇంకేం కావాలి! ఎత్తుకున్నాను, బుగ్గలు పుణికాను, ముద్దులు పెట్టాను, పన్నొచ్చిందేమోనని నోట్లో వేలు పెట్టి కూడా చూశాను.

అంతే, కెవ్వుమంది!

చూస్తుండగానే బుగ్గలు ఎర్రబడ్డాయి. పెదాలు ఉబ్బాయి. కళ్ళల్లో నీళ్ళు ధారలు. బస్సులో ఆయన చెప్పిందంతా నా కళ్ళముందు వరసగా జరిగిపోతోంది.

"అత్తా! పిల్లకి ఏం పెట్టావ్?"

అత్త గడప దగ్గర బిగుసుకుపోయింది. "జావ... జావలో కాస్త..."

"శనక్కాయేనా?"

తలూపింది. ఇక నా నోటికి హద్దు లేదు. "పిల్లని చంపడానికొచ్చావా?" అని కూడా అనేశాను. పాపం, ఆ ముసలామె ఏడుస్తూనే మాతోపాటు వచ్చి రిక్షా ఎక్కింది. నేను నా భుజం మీది తువ్వాలు తీసి పిల్ల మొహం తుడిచాను. ఏడుపు ఇంకా పెద్దదైంది. తువ్వాలుతో విసిరాను. రిక్షా అబ్బాయి తుమ్మాడు. మీరాబీ దగ్గింది. నాకవేమీ పట్టలేదు. ఇన్నాళ్ళకి పుట్టిన పిల్ల చేజారిపోతుందేమోనని నిజంగానే ఏడ్చాను. అల్లా, ఇదొక్కటీ దక్కితే చాలనుకున్నాను.

డాక్టరుగారు పిల్ల మీదకి వంగారు. నేనూ ఆయన పక్కనే వంగి, మళ్ళీ తువ్వాలు దులిపాను. ఆయన తుమ్మారు. కాంపౌండరు తుమ్మాడు. బల్ల మీద కూర్చున్న రోగులు ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు.

"డాక్టరుగారూ, ఇది అంటురోగమేమోనండీ!" అన్నాను భయంగా.

ఆయన ముక్కు తుడుచుకుని అత్తని అడిగారు. "శనక్కాయ ఎప్పుడు పెట్టావమ్మా?"

"పొద్దున పెట్టానయ్యా."

"అంతకుముందెప్పుడన్నా పెట్టావా?"

అత్త నా వంక చూసి తల దించుకుంది. "వచ్చిన మర్నాటి నుంచీ రోజూ పెడతానే ఉన్నానయ్యా. ఏనాడూ ఏం కాలా."

"రోజూనా!" అంటూ నేను లేచాను.

"నువ్వు కదలకయ్యా బాబూ! కదిలితే తుమ్ములొస్తున్నాయి. ఇంతకీ నువ్వేం పని చేస్తావు?"

"మిరపకాయల కొట్లో గుమాస్తానండీ."

అందరూ నా చేతుల వంక చూశారు. నేనూ చూసుకున్నాను. గోళ్ళ నిండా ఎర్రటి పొడి.

బుజ్జికి సబ్బునీళ్ళతో మొహం కడిగి, కళ్ళు చల్లటి నీళ్ళతో తుడిచారు. కాసేపటికి ఏడుపాపి కాంపౌండరు జేబులో పెన్ను లాగడం మొదలెట్టింది. "శనక్కాయ దీనికి బాగానే పడిందమ్మా. అలాగే మెత్తగా నూరి పెడుతుండు. పిల్లలకి కొత్తదేదైనా ముందు కొంచెం పెట్టి, పడిందో లేదో చూసి, ఆ తర్వాత పెంచుకుంటూ పోవాలి" అన్నారు డాక్టరుగారు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు బయట కూర్చో" అన్నారు.

ఇంటికొచ్చి కుంకుడురసంతో ఒళ్ళంతా తోముకున్నాను. అత్త ముందు నిలబడి, "తప్పయిపోయింది అత్తా, ఆ మాట అనాల్సింది కాదు" అన్నాను.

"పోనీలే అల్లుడూ. బిడ్డ మీద బెంగేగా" అంది కళ్ళు తుడుచుకుంటూ. బంగారంలాంటి మనిషి! ధైర్యం వచ్చి బుజ్జి కోసం చేతులు చాచాను.

"ఆగాగు! ఒక్కసారే అంతా వద్దు" అంది అత్త. నా చిటికెన వేలు పట్టుకుని బుజ్జి అరికాలికి ఒక్కసారి తాకించి తీసేసింది. తల్లీ కూతుళ్ళిద్దరూ పిల్ల కాలు ఎర్రబడుతుందేమోనని చాలాసేపు చూస్తూ కూర్చున్నారు.

"ఇయ్యాలకి ఇది చాలు. పడితే రేపు ఇంకాస్త చూద్దాం" అంది.

వారమైందా? చిటికెన వేలితో మొదలెట్టి నిన్నటికి మోచేతి దాకా వచ్చానండీ!