సాక్షి సంతకం

ఇంగ్లండులోని బర్న్‌లీ ఊళ్ళో ఆ వీధివాళ్ళకి పక్కింటివాళ్ళ కాగితం మీద సాక్షి సంతకం పెట్టడమంటే గొడుగు అరువిచ్చినంత తేలిక. లోపల ఏం రాశారని ఎవరూ అడగరు. అడిగితే మర్యాద తప్పినట్టు. అందుకే పక్కింటి ముసలావిడ మిసెస్ పిల్లింగ్ పిలవగానే, ఆవిడ ఇంట్లోనే కుళాయి బిగిస్తున్న క్లిఫర్డ్ చేతులు తుడుచుకుని వెళ్ళాడు. బొగ్గులు దించడానికి వచ్చినతన్నీ ఆవిడే లోపలికి పిలిచింది. రాసింది కనబడకుండా కాగితం మీద గిన్నెలు తుడిచే గుడ్డ కప్పి, ఇద్దరి ఎదుటా సంతకం చేసింది. ఆ కింద వాళ్ళు చేశారు.

క్లిఫర్డ్ ఒకప్పటి బస్సు డ్రైవరు. మొహమాటం అతనికి పుట్టుకతోనే వచ్చింది. అతని భార్య నోరా పదకొండేళ్ళుగా మిసెస్ పిల్లింగ్‌కి స్నానం చేయించి, వండిపెట్టి, మందులు చూస్తోంది. మొగుడూపెళ్ళాలుండేది అద్దె ఇంట్లో. దాన్ని అమ్మేస్తున్నాను, ఖాళీ చెయ్యమని యజమాని ఈమధ్యే చెప్పాడు.

వారం తర్వాత మిసెస్ పిల్లింగ్ తనే బయటపెట్టింది.

"పాత వీలునామాలో ఈ ఇల్లు మా మేనల్లుడికి రాశానబ్బాయ్. వాడికి నేను బతికున్నట్టే తెలీదు. మొన్న నువ్వు సాక్షి సంతకం పెట్టావే, దానికి చేర్చిన ఆ కాగితంతో ఇల్లు నోరాకే. నోరాకి మాత్రం చెప్పకు, వద్దని నా ప్రాణం తీస్తుంది."

ఆ రాత్రి క్లిఫర్డ్‌కి సంతోషంతో నిద్ర పట్టలేదు. ఆ సంతోషం శనివారం దాకా ఉంది. శనివారం క్లబ్బులో ఆర్నాల్డ్, లాయరు దగ్గర గుమాస్తాగా చేసి మానేసినవాడు, బీరు తాగుతూ పాత కేసులు చెబుతున్నాడు.

"వీలునామాకి సాక్షి సంతకం పెట్టినవాడికి గానీ, వాడి పెళ్ళానికి గానీ అందులో ఏం రాసినా చెల్లదు. పాత వీలునామాలో ఉన్నవాడే పట్టుకుపోతాడు. ఏం, నువ్వెక్కడైనా గీకావా?"

"లేదు," అన్నాడు క్లిఫర్డ్.

చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. వేరే ఇద్దరు సాక్షుల్ని కూర్చోబెట్టి ఆవిడ చేత మళ్ళీ రాయించాలి. కానీ పోయేకాలం దగ్గరపడ్డ మనిషి దగ్గరకెళ్ళి, మీ ఇల్లు మా ఆవిడకి గట్టిగా రాయండని ఏ నోటితో అడుగుతాడు? రోజూ సాయంత్రం ఏదో వంక పెట్టుకుని ఆవిడ దగ్గరకి వెళ్ళేవాడు.

"ఏంటి, ఏదో నములుతున్నావు?"

"ఏం లేదండీ. గాలి చల్లగా ఉంది కదా అని."

"బర్న్‌లీలో గాలి వేడిగా ఎప్పుడుందయ్యా?"

ఇంకో కప్పు టీ తాగి వచ్చేసేవాడు. రేపు చెబుదాం అనుకునేవాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాననుకున్నాడు గానీ, చచ్చిపోయింది మిసెస్ పిల్లింగ్. నిద్రలోనే పోయింది.

లాయరు ఇద్దరినీ పిలిచి ఆర్నాల్డ్ చెప్పినదే ఇంకాస్త మెత్తగా చెప్పాడు. ఇల్లు మేనల్లుడికి పోయింది. నోరా ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా కూర్చుంది.

"పాపం, నీకేం తెలుసు క్లిఫ్. ఎవరడిగినా సంతకం పెడతావు."

ఆ జాలి అతన్ని కోసేసింది. అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోయాడు.

"తెలుసు. మూడు వారాల ముందే తెలుసు. మనం ఆశపోతులమని ఆవిడ అనుకుంటుందేమోనని..."

నోరా తలెత్తింది.

"నాకైనా చెప్పొచ్చుగా. నేనడిగేదాన్ని."

"నీకు చెప్పొద్దందావిడ. మాటిచ్చాను."

"ఆవిడ ముందు చెడ్డవాడివి కాకూడదనుకున్నావు. నా ముందైతే ఫర్వాలేదనుకున్నావు."

అది అబద్ధమని చెప్పడానికి క్లిఫర్డ్ నోరు తెరిచాడు. అది నిజమే. నోరా లేచి, అల్మారాలోంచి ప్లేట్లు దించి, పాత పేపర్లలో చుట్టడం మొదలుపెట్టింది. అతను పక్కన నిలబడి ఒక్కో పేపరూ అందించాడు.