ఒక డిజిటల్ కేబుల్ మీద నేనిచ్చిన నివేదిక

నా పదవీ విరమణకు ఇంకా పదకొండు నెలలు ఉన్నాయనగా, ఒక జూలై నెలలో, ఏలూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్ నుంచి మా పాలిటెక్నిక్‌కు ఒక కవరు వచ్చింది. అప్పుడు నేను తాడేపల్లిగూడెం దగ్గరున్న ఆ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ విభాగానికి అధిపతిని. వినియోగదారుల కేసుల్లో ఒక వస్తువు బాగోగులు తేల్చవలసి వచ్చినప్పుడు, కమిషన్ ఆ వస్తువుకు సీలు వేసి, పరికరాలున్న ప్రయోగశాలకు పంపుతుంది. గడువులోగా నివేదిక ఇవ్వాలి. అందుకు విడిగా సెలవు గానీ, తరగతుల్లో తగ్గింపు గానీ ఉండవు. ఆ ఏడు మా విభాగంలో మూడు లెక్చరర్ పోస్టులు ఖాళీ. రోజూ ఏలూరు నుంచి బస్సులో వెళ్లి, ఐదు తరగతులు చెప్పి, తిరిగి దెందులూరు దాటేసరికి నా కళ్లు మూతలు పడేవి. కవరు విప్పి చూసి, ఇది కూడా నాకే తగలాలా అనుకున్నాను.

పంపిన వస్తువు మీటరున్నర పొడవు డిజిటల్ ఆడియో కేబుల్. ప్లేయర్ నుంచి ఆంప్లిఫయర్‌కు కలిపే తీగ. ఖరీదు ముప్పై ఎనిమిది వేలు. అదే పని చేసే తీగ బజార్లో మూడు వందలకు దొరుకుతుంది.

ఫిర్యాదు చేసినాయన పెంటపాడు వాస్తవ్యులు, డెబ్బై దాటిన వేద పండితులు. పేరు అవధానిగారు అనుకుందాం. చిన్న పాఠశాలలో విద్యార్థులకు సంథ చెబుతారు. ఏటా దసరా తర్వాత జరిగే వేద పరీక్షలకు పరీక్షాధికారిగా కూర్చుంటారు. వాళ్ల గురువుగారు చదివిన పనసలు, అంటే వేదభాగాలు, పాత క్యాసెట్లలో ఉంటే, శిష్యులు వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, వినడానికి ఒక ప్లేయరూ ఆంప్లిఫయరూ ఇచ్చారు. కొన్నాళ్లకు ఆ పాఠంలో శ, ష, స లు అలుక్కుపోయినట్టు వినిపిస్తున్నాయని ఏలూరులో ఒక దుకాణంలో చెప్పారు. ఆ దుకాణం వాళ్లు, శబ్దం మామూలు తీగలోనే పోతోందనీ, ఈ కేబుల్ వేస్తే పోయిన అక్షరాలన్నీ తిరిగి వినిపిస్తాయనీ చెప్పి, రసీదు మీద కూడా ఆ మాట రాసిచ్చారు. కేబుల్ వేశాక తేడా ఏమీ కనిపించలేదు. వాపసు తీసుకోమంటే వాళ్లు ఒప్పుకోలేదు.

దుకాణం తరఫు జవాబులో రెండు వాదనలున్నాయి. కొల్లేటి గాలికి మామూలు తీగల కొసలు చిలుము పట్టి పాడైపోతాయి, బంగారు పూత ఉన్నది పాడవదు అనేది మొదటిది. కేబుల్ గొప్పతనం పరికరాలకు అందదు, చెవికే తెలుస్తుంది అనేది రెండోది. అందుకని కమిషన్, కొలతలతో పాటు ఇరు పక్షాలనూ పిలిచి వినికిడి పరీక్ష కూడా చేయమంది.

డిజిటల్ కేబుల్‌లో పాట ప్రయాణించదు. ఒకట్లు, సున్నాలు ప్రయాణిస్తాయి. అవతలి కొసన ఉన్న సర్క్యూట్ వాటిని చదివి మళ్లీ శబ్దంగా మారుస్తుంది. చదవగలిగితే మొత్తం సరిగ్గా వస్తుంది. చదవలేకపోతే టక్కుటక్కుమంటూ తెగిపోతుంది. శ, ష, స లు మాత్రం మెత్తబడి, మిగతావి బాగుండటమనేది ఆ పద్ధతిలో జరగదు. అయినా నాకు తెలుసు కదా అని నివేదిక రాయకూడదు, చేసి చూపించాలి. మా ల్యాబ్ అసిస్టెంట్ సుభద్రది కొల్లేటి లంక గ్రామం. వాళ్లింట్లో ఏళ్ల తరబడి వాడుతున్న తీగ తెచ్చింది. దాని కొసలు నిజంగానే పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. అదీ, బజారు తీగా, ముప్పై ఎనిమిది వేల కేబులూ మూడింటి గుండా ఒకే రికార్డింగును పంపించి, అవతల అందినదాన్ని అసలుతో అంకె అంకె పోల్చాం. మూడింటిలోనూ ఒక్క అంకె కూడా తేడా రాలేదు. ఆసిలోస్కోపు తెర మీద ఖరీదైన కేబుల్ తరంగం అంచులు కాస్త నిటారుగా కనిపించాయి. చదివే సర్క్యూట్‌కు ఆ తేడాతో పని లేదు. ఇవన్నీ తరగతులు అయ్యాక మూడు సాయంత్రాల్లో చేశాం.

వినికిడి పరీక్షకు దుకాణం తరఫున ఎవరూ రాలేదు. అవధానిగారు ఒక్కరే బస్సు దిగి, ఎండలో నడిచి వచ్చారు. ఏ కేబుల్ ఎప్పుడు వేస్తున్నామో తెలియకుండా మధ్యలో తెర కట్టాం. ముందుగా శబ్దం స్థాయి సరిచూసుకోవడానికి కొన్ని టోన్‌లు వినిపించాలి. టోన్ అంటే ఒకే శ్రుతిలో మోగే కూత. కింది నుంచి పైకి ఒక్కొక్కటే వేస్తూ వచ్చాను. ఆయన వినబడగానే వేలు ఎత్తుతున్నారు. ఐదు వేల హెర్ట్జ్ దగ్గరకొచ్చేసరికి గదంతా ఈలలాగా మోగుతోంది. సుభద్ర చెవి మీద చెయ్యి పెట్టుకుంది.

ఆయన మాత్రం ప్రశాంతంగా కూర్చుని, "మొదలుపెట్టండమ్మా, నేను సిద్ధమే" అన్నారు.

సుభద్ర నా వైపు చూసింది. నేను శబ్దం ఇంకా పెంచాను. ఆయన కిటికీలోంచి బయటకు చూస్తున్నారు. టోన్ ఆపేశాను.

తర్వాత అసలు పరీక్ష చేశాం. ఏ కేబుల్ మోగుతోందో ఆయన చెప్పినవి సగం తప్పు, సగం ఒప్పు. అంటే ఊహించి చెప్పినట్టే. వాళ్ల గురువుగారి పాఠంలో శ, ష, స లు నాకూ సుభద్రకూ ఏ కేబుల్‌తోనైనా విడివిడిగా వినిపించాయి. స్వరం విషయంలో మాత్రం ఆయన చెవికి సాటి లేదు. ఒకచోట టేపు సాగి శ్రుతి వెంట్రుకవాసి జారితే, నాకు తెలియలేదు గానీ ఆయన వెంటనే పట్టుకున్నారు. పోయింది పై శబ్దాలు ఒక్కటే. వయసుతో చాలామందికి జరిగేదే. శ, ష, స ల తేడా ఉండేది ఆ పై శబ్దాల్లోనే.

వెళ్లేముందు ఆయన అడిగారు: "ఏమ్మా, మీకు ఏమైనా తేడా తెలిసిందా అండీ?"

కమిషన్ అప్పగించిన పరీక్షలో ఫలితాన్ని ఒక పక్షానికి ముందుగా చెప్పకూడదు. నేను ఆ మాటే చెప్పాను. "ఫలితం కమిషన్‌కే పంపాలండీ, నేను చెప్పకూడదు" అన్నాను. ఆయన తల ఊపి, గ్లాసుడు మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు.

ఆయన మెట్లు దిగాక సుభద్ర అంది: "ఆయనకి చెవులు చూపించుకోమని చెప్పాల్సింది మేడమ్."

"మనల్ని అడిగింది కేబుల్ గురించి" అన్నాను. మర్నాడు పొద్దున్న ఎనిమిదిన్నరకు తరగతి ఉంది. ఆ మాట ఎత్తితే ఆయన్ని కూర్చోబెట్టి వివరించాలి, ఆయన బాధపడితే చూడాలి. నాకు ఓపిక లేదు. కారణం అంతే.

నివేదిక నాలుగు పేజీలు. మీటరున్నర దూరానికి ఈ కేబుల్‌కూ మామూలు కేబుల్‌కూ అందే సమాచారంలో తేడా లేదనీ, అమ్మేటప్పుడు చెప్పిన ప్రయోజనం సాధ్యం కాదనీ రాశాను. అనుబంధంలో సుభద్ర నింపిన ల్యాబ్ షీట్లు జతచేశాను. అవి జతచేయడం నియమం. స్థాయి సరిచూసిన పట్టికలో, ఐదు వేల గడిలో ఆవిడ నిజాయితీగా 'స్పందన లేదు' అని రాసింది. అది నేను చూశాను. అనుబంధాలు ఎవరూ చదవరులే అనుకుని సంతకం పెట్టేశాను.

నిపుణులను సాధారణంగా రాతపూర్వకంగానే ప్రశ్నిస్తారు. ఈ కేసులో దుకాణం తరఫు న్యాయవాది పట్టుబట్టి, నన్ను స్వయంగా రప్పించారు. అది నవంబరు చివర. హాల్లో అవధానిగారు ముందు వరుసలో, ఇద్దరు శిష్యులతో కూర్చున్నారు. న్యాయవాది కొలతల గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. రెండో అనుబంధం తీసి, ఆ గడి మీద వేలు పెట్టి, స్పందన లేనిది ఎవరికని అడిగారు.

ఫిర్యాదుదారుకని చెప్పాను.

మిగతావారికి ఆ శబ్దం వినిపించిందా అన్నారు. వినిపించిందన్నాను. అయితే శ, ష, స లు వినిపించకపోవడానికి కారణం తీగా, ఆయన చెవులా అన్నారు. ప్రమాణం చేసి నిలబడ్డాను. చెవులేనని చెప్పాను. పక్కనున్న శిష్యుడు గురువుగారి వైపు తిరిగి, వెంటనే తల దించుకున్నాడు. అవధానిగారికి న్యాయవాది మాట కొంత అందలేదనుకుంటాను, చెయ్యి చెవి వెనక పెట్టుకుని నా జవాబు మాత్రం పూర్తిగా విన్నారు.

కేసు ఆయనే గెలిచారు. కొన్నవాడి చెవులు ఎలా ఉన్నా, అమ్మినవాడు చెప్పింది అబద్ధమేనని కమిషన్ తేల్చి, సొమ్ము వాపసు ఇప్పించింది. ఆ కేబుల్ మాత్రం ఆ దుకాణంలో ఇప్పటికీ అమ్ముతున్నారు.

జనవరిలో ఆయన, పరీక్షకు మా దగ్గర ఉంచిన తన పెన్‌డ్రైవ్ కోసం మా విభాగానికి వచ్చారు. కుర్చీ చూపిస్తే కూర్చున్నారు. క్షమించమని నేను మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"మీరు చెప్పింది నిజమేనమ్మా. గూడెంలో డాక్టరుగారికి చూపించుకున్నాను, ఆయనా అదే అన్నారు. నలుగురిలో చెప్పారని కూడా నాకు కోపం లేదండి. కానీ మీకు జూలైలోనే తెలుసు కదా?"

తెలుసన్నాను.

"మధ్యలో పరీక్షలు జరిగాయమ్మా. తొమ్మిదిమంది పిల్లల్ని విన్నాను. అందరివీ బాగున్నాయని సంతకం పెట్టాను. బాగున్నాయో లేదో నాకు తెలియదు కదండీ. మీరు ఆ రోజు ఒక్క ముక్క చెప్పి ఉంటే, నేను కూర్చునేవాణ్ణి కాదు."

ఆ తొమ్మిదిమందినీ వేరొకరి చేత మళ్లీ వినిపించమని, ఆ పరీక్షలు పెట్టే సభవారికి ఉత్తరం రాశారట. తన పేరు పరీక్షాధికారుల జాబితాలోంచి తీసేయమని కూడా రాశారట. మళ్లీ విన్నప్పుడు ఇద్దరికి ఉచ్చారణ దోషాలు బయటపడి, ఇంకో ఏడాది చదవమన్నారని చెప్పారు. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని, "వస్తానమ్మా" అని లేచారు. మెట్ల దాకా నేనూ వెళ్లాను.

ఖరీదైన డిజిటల్ కేబుళ్లు కొనవచ్చా అని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్లున్నారు. ఇంట్లో వాడకానికి కొసలు గట్టిగా ఉన్న మామూలు తీగ చాలు. దీనికి నివేదిక అక్కర్లేదు. నేను నేర్చుకున్నది వేరే. నిబంధన నన్ను చెప్పవద్దన్నది కేబుల్ ఫలితం ఒక్కటే. ఆయన చెవుల సంగతి ఏ పక్షానికీ చెందిన సాక్ష్యం కాదు, ఆయనది. ఆ తేడా నాకు ఆ రోజే తెలుసు. అలసిపోయి ఉన్నాను కాబట్టి, నిబంధనను అడ్డం పెట్టుకున్నాను. పరీక్షలో ఒక మనిషి గురించి ఏదైనా బయటపడితే, ఆ మనిషికి ఆ గదిలోనే, ఆ రోజే చెప్పాలి.