తుప్పు చదివే కాలేషా

ఏలూరు పవర్‌పేటలో మా రెండు షాపులకూ మధ్య ఒకటే గోడ. ఇటువైపు నాది మోటారు వైండింగు. కలిదిండి, మండవల్లి చేపల చెరువుల మీద తిరుగుతూ నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల మోటార్లు కాలిపోతే నా దగ్గరికి వస్తాయి. అటువైపు కాలేషా గారిది గిటార్లు, హార్మోనియంలు బాగుచేసే షాపు. బోర్డు లేదు. గుమ్మం పైన తల విరిగిన గిటారు ఒకటి వేలాడుతుంది. అదే బోర్డు.

కాలేషా గారికి అరవై రెండేళ్లు. తండ్రి తివాచీలు నేసేవారు. ఈయన కూడా రెండేళ్లు మగ్గం మీద కూర్చుని, పద్దెనిమిదో ఏట తాడేపల్లిగూడెంలో అబ్బాయిరాజు గారనే హార్మోనియం మేస్త్రీ దగ్గర చేరారు. రోజూ పాసింజరు బండిలో వెళ్లి రావడం, అలా ఆరేళ్లు. ఆ మేస్త్రీ నేర్పింది తక్కువ, పక్కన కూర్చుని చూడనిచ్చింది ఎక్కువ. గిటారు పనికి ఆ మాత్రం గురువు కూడా దొరకలేదు. విప్పి, పాడుచేసి, మళ్లీ కట్టి నేర్చుకున్నారు. ఇరవై ఏళ్లుగా పక్క షాపులో ఉన్నాను, ఆయన ఒక్క పాట పూర్తిగా వాయించగా నేను వినలేదు. శ్రుతి చూడటానికి నాలుగు సార్లు మీటుతారు, అంతే.

ఆయన షాపులో ఒక నియమం ఉంది. కొత్త గిటారు ఎంచుకోవడానికి సాయం కావాలంటే పాతది వెంట తెచ్చుకోవాలి. తేకపోతే టీ ఇప్పించి పంపేస్తారు. పాతదాని తీగలు విప్పాక వాటిని పారెయ్యరు. బల్ల మీద తెల్లగుడ్డ వేసి, దాని మీద వరసగా పరిచి, కళ్లజోడు సర్దుకుని చూస్తారు. మా వైపు గాలిలో తడి ఎక్కువ. కొల్లేరు చుట్టుపక్కల ఇళ్లలో గిటారు తీగ నెల తిరక్కుండా మసకబారుతుంది. రోజూ వేలు పడే చోట మాత్రం తళతళలాడుతుంది. తీగ చూస్తే ఆ మనిషి చెయ్యి ఎక్కడ తిరుగుతుందో, ఎక్కడికి వెళ్లదో తెలుస్తుందని ఆయన అనేవారు. మాటలు చెప్పే మనిషి కాదు కాబట్టి నేను కాదనేవాణ్ని కాదు. నమ్మేవాణ్నీ కాదు.

నిత్యానందం మాస్టారి వ్యవహారంతో నమ్మాను.

పోయిన ఫిబ్రవరిలో ఒక గురువారం పొద్దున్న మండవల్లి నుంచి హెన్రీ కారులో వచ్చాడు. అక్కడ చేపల మేత అమ్ముతాడు, వాళ్ల చర్చికి సెక్రటరీ. వెనక సీట్లోంచి రెండు నల్లటి పెట్టెలు దించాడు. వెంట నిత్యానందం మాస్టారు, పాత గిటారు సంచీతో. ఆయన ప్రాథమిక పాఠశాలలో చేసి రిటైరయ్యారు. ముప్ఫయ్యేళ్లుగా ఆ చర్చిలో లీడ్ గిటారు ఆయనదే. అక్కడి ఆనవాయితీ ఏమిటంటే, పాటలో చరణానికీ చరణానికీ మధ్య ఒక చుట్టు అందరూ ఆగిపోతారు, గిటారు ఒక్కటే రాగం వాయిస్తుంది. ఆ చుట్టు కోసమే పక్క ఊళ్ల నుంచి వచ్చేవాళ్లున్నారని విన్నాను.

"మాస్టారి గిటారు పాడైపోయిందండీ" అన్నాడు హెన్రీ. "నవంబరు నించీ సరిగా పలకట్లేదు. ఆ చుట్టు కూడా కీబోర్డుకి వదిలేస్తున్నారు. ముప్ఫయ్యేళ్ల సేవ కదండీ, సంఘమంతా కలిసి కొత్తది ఇద్దామనుకున్నాం. విజయవాడ షాపాయన రెండు ఇచ్చాడు. ఆదివారం సాయంత్రానికి ఒకటి వెనక్కిచ్చెయ్యాలి. రెండూ సిగ్నేచర్ మోడళ్లండీ, మామూలివి కావు."

సిగ్నేచర్ మోడలంటే, పేరున్న వాయిద్యగాడు ఒకాయన తన చేతికి కుదిరేటట్టు కంపెనీ చేత గిటారు చేయించుకుంటాడు. తరవాత అదే కొలతలతో ఇంకొన్ని చేసి, ఆయన సంతకం వేసి అమ్ముతారు.

ఒక పెట్టెలోది నల్లది. తీగలు బిగించే బంగారు రంగు కీలు, తల మీద వెండి అక్షరాలతో పెద్ద సంతకం. మాస్టారు ఆ సంతకాన్ని కుడిచేతి వేలికొసతో తాకారు.

"ఈయన వాయించింది వినే నేను గిటారు పట్టానండీ. టీచర్ ట్రైనింగులో ఉండగా ఒక్క క్యాసెట్టు ఉండేది నా దగ్గర. అరిగిపోయేదాకా విన్నాను."

రెండోది తేనె రంగుది. ఎవరో పెద్దాయన పేరు, అదీ తల వెనక చిన్న అక్షరాల్లో.

"ఇది మా నానమ్మ బీరువాలా ఉందండీ" అన్నాడు హెన్రీ. "కుర్రోళ్లందరూ నల్లదే అంటున్నారు. ఫొటో అప్పుడే గ్రూపులో పెట్టేశారు."

"ఫొటో పలకదు కదండీ" అన్నారు కాలేషా గారు. రెండు మెడల మీదా అరచెయ్యి పైనుంచి కిందికి రాశారు. "ఈ ఇద్దరూ ఎవరో నాకు తెలీదు. వాళ్ల చేతులు మాత్రం కొంచెం తెలుస్తున్నాయి. ఈ నల్లదాని ఆయనవి పొడుగు వేళ్లు. మెడ వెడల్పు, పల్చన. మెడకి అడ్డంగా ఉన్న ఈ కమ్ములు, ఫ్రెట్లు, దూరం దూరం. నాలుగు వేళ్లూ పరిగెత్తాలి. ఈ పెద్దాయనది లావు మెడ, ఫ్రెట్లు దగ్గర. ఈయన బొటనవేలు పైనించి వంచి ఆరో తీగ, అంటే అన్నిటికన్నా పైనున్న లావు తీగ, నొక్కే మనిషి."

తరవాత పాత గిటారు తీశారు. మెడ వంకర చూశారు, లేదు. ఫ్రెట్లు చూశారు, బాగానే ఉన్నాయి. వైర్లు చూడమని నా చేతికిచ్చారు. మీటరు పెట్టి చూశాను, ఎక్కడా తేడా లేదు. అప్పుడు తీగలు విప్పి తెల్లగుడ్డ మీద పరిచారు. చాలాసేపు వంగి చూశారు. తల ఎత్తకుండానే అన్నారు:

"హెన్రీ బాబూ, శ్రుతి చూసే నా ట్యూనరుకి తొమ్మిది వోల్టుల బ్యాటరీ కావాలి. కాస్త తెచ్చిపెడతావా?"

సొరుగులో రెండు కొత్త బ్యాటరీలున్నాయని నాకు తెలుసు. హెన్రీ వెళ్లాడు.

"మాస్టారూ, ఇటు రండి. అయిదో తీగ, మూడో ఫ్రెట్టు పైన చూడండి. మసక పట్టింది. మొదటి రెండు తీగలూ పన్నెండో ఫ్రెట్టు దాటాక ఒకటే తుప్పు. రాగం వాయించే మనిషి తీగలు ఇలా ఉండవు. ఉంగరపు వేలు ఎన్నాళ్ల నించి వంగట్లేదు?"

మాస్టారి ఎడమచెయ్యి ప్యాంటు జేబులో ఉంది. వచ్చినప్పటి నుంచీ అక్కడే ఉందని నాకు అప్పుడు తట్టింది. ఆయన మెల్లగా బయటికి తీసి బల్ల మీద పెట్టారు. ఉంగరపు వేలు కర్రలా నిలబడి ఉంది. వేలి మొదట్లో కుట్ల మచ్చ.

"జెల్ల చేప ముల్లండీ" అన్నారు. "అక్టోబరులో మా బావమరిది చెరువులో వల లాగుతుంటే చెయ్యి వేశాను. గుచ్చుకుంది. పసుపు పెట్టి ఊరుకున్నాను. నాలుగో రోజుకి చెయ్యంతా వాచిపోయింది. ఇక్కడే ఆస్పత్రిలో కోశారు. నరం దెబ్బతింది, ఇంక వంగదన్నారు."

"చర్చిలో చెప్పలేదా?"

"ముల్లు గుచ్చుకుందని చెప్పాను. తగ్గిపోయిందనీ చెప్పాను." ఆయన నా వైపు చూడలేదు. "మొదట ఆంప్లిఫయరు మీద పెట్టానండీ. ఈ నాగేశ్వరరావు గారు రెండుసార్లు విప్పి ఏమీ లేదన్నారు. తరవాత గిటారు మీద పెట్టాను. వాళ్లు ఇలా కొత్తది కొంటారనుకోలేదు."

నిజమే. ఆ ఆంప్లిఫయరు నేను రెండుసార్లు విప్పాను. లోపం దొరక్క నా పనితనం మీద నాకే అనుమానం వచ్చింది.

"ఇంట్లో?"

"మా ఆవిడ మార్తమ్మకి తెలుసు. చెప్పెయ్యమనే అంటుంది. చెప్తే నన్ను ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెడతారండీ. గౌరవంగానే కూర్చోబెడతారు. అదే నా భయం."

కాలేషా గారు తీగలు గుడ్డలో చుట్టారు. "గిటారుకి లేని రోగం అంటగట్టారు మాస్టారూ. అది మాత్రం నేను ఒప్పుకోను." గొంతు పెంచలేదు. "రేపు ఒక్కరే రండి. పెట్టెలు ఇక్కడే ఉంటాయి."

హెన్రీ బ్యాటరీ తెచ్చాడు. ఆయన తీసుకుని సొరుగులో ఆ రెండింటి పక్కన పెట్టారు.

శుక్రవారం మాస్టారు బస్సులో వచ్చారు. అప్పటికి కాలేషా గారు రెండు గిటార్లకూ ఒకే రకం కొత్త తీగలు వేసి, తలల మీద సంతకాలు కనపడకుండా గుడ్డలు చుట్టి ఉంచారు. ఎవరికైనా ఆయన అలాగే చేస్తారు. పేరు చూసి కొనుక్కుని, చేతికి కుదరక ఏడాది తిరక్కుండా అమ్ముకున్నవాళ్లను చాలామందిని చూశారు. కుర్చీ గోడవైపు తిప్పి వేశారు. కళ్లు మూసుకోమన్నారు. బడిలో పిల్లాడిలా మాస్టారు మూసుకున్నారు.

మొదట నల్లది ఇచ్చారు. మూడు వేళ్లతో కార్డు, అంటే తీగలన్నీ కలిసి పలికే పట్టు, పట్టబోతే ఒక తీగ మూగపోయింది. బొటనవేలు పైనుంచి తెమ్మన్నారు. ఆ వెడల్పు మెడ మీద బొటనవేలు సగం దారిలోనే ఆగిపోయింది. పది నిమిషాలు ప్రయత్నించారు. నుదుటి మీద చెమట పట్టింది.

అది తీసుకుని తేనె రంగుది పెట్టారు.

"ఇదేంటండీ, దుంగలా ఉంది."

"దుంగే. పట్టుకోడానికి ఏదో ఒకటి ఉండాలి కదండీ. అరచెయ్యి దానికి ఆనించండి. ఇప్పుడు బొటనవేలు."

బొటనవేలు వచ్చింది. ఆరో తీగ మూడో ఫ్రెట్టు మీద, ఇదివరకు ఉంగరపు వేలు ఉండాల్సిన చోట కూర్చుంది. మొదట గరగరమంది. కాలేషా గారు మోచెయ్యి పట్టుకుని కొంచెం ముందుకు జరిపారు. మాస్టారు మళ్లీ మీటారు. ఆరు తీగలూ పలికాయి. మాస్టారు అదే కార్డు మళ్లీ మళ్లీ మీటారు, ఇంకోదానికి వెళ్లకుండా. నేను మా షాపులోకి వెళ్లి ఒక మోటారు విప్పి, తిరిగి వచ్చేసరికి మూడు కార్డులు మారుస్తున్నారు. నెమ్మదిగా, తప్పులతో.

"మరి ఆ చుట్టు?" అని అడిగారు, కళ్లు మూసుకునే.

"రాదండీ" అన్నారు కాలేషా గారు. "ఆ రాగం ఈ చేత్తో ఇంక రాదు. మీకు అబద్ధం చెప్పను. పాట కింద కార్డులతో ఆసరాగా నిలబడటం వస్తుంది."

మాస్టారు కళ్లు తెరిచారు. గుడ్డలు తనే విప్పారు. నల్లదాని సంతకం మీద నిన్న తన వేలిముద్ర పడిన చోట చొక్కా అంచుతో తుడిచి, పెట్టెలో పడుకోబెట్టి మూత వేశారు.

శనివారం హెన్రీ పెట్టెల కోసం వచ్చాడు. మాస్టారు ముందే వచ్చి కూర్చుని ఉన్నారు. చెయ్యి చూపించి అంతా చెప్పారు, నిన్న మొన్న దాచింది సహా. హెన్రీ పాత గిటారు వైపు చూశాడు.

"అంటే మన పాత గిటారు బాగానే ఉందన్నమాట."

"బాగానే ఉంది" అన్నారు మాస్టారు.

"మరి కొత్తది ఎందుకండీ, మాస్టారూ?"

అడగాల్సిన మాటే. కాలేషా గారు అందుకున్నారు. "ఆ పాతది కూడా వెడల్పు మెడే బాబూ, నాలుగు వేళ్ల మనిషిది. ఈ లావుది ఈ చేతికి పనికొస్తుంది. పనికొచ్చే సంగతి నేను చెప్పగలను. ఇవ్వాలా వద్దా అన్నది మీది."

"వద్దనుకుంటే రెండూ వెనక్కిచ్చెయ్యి హెన్రీ" అన్నారు మాస్టారు. "అడిగే మొహం నాకు లేదు. రేపు అందరి ముందూ నేనే చెప్తాను. ఆ తరవాత మీ ఇష్టం."

హెన్రీ రెండు పెట్టెలూ కారులో పెట్టుకుని వెళ్లాడు. మాస్టారు వెనక సీట్లో, పెట్టెల పక్కన కూర్చున్నారు.

ఆదివారం నేను, కాలేషా గారు మండవల్లి వెళ్లాం. ఆంప్లిఫయరుకి ఎర్త్ సరిగా లేదని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను, అది వేసి రావాలని నా వంక. ఆయన ఏ వంకా చెప్పలేదు. నేను పని ముగించి లోపల గోడ వార నిలబడ్డాను. ఆయన బయట మెట్ల మీద, చెప్పులు విడిచే చోట కూర్చున్నారు.

ప్రసంగం అయ్యాక మాస్టారు లేచారు. ఎదురుగా బల్ల మీద రెండు గిటార్లూ ఉన్నాయి. ఆయన ఎడమచెయ్యి పైకెత్తి చూపించారు. జెల్ల ముల్లు నుంచి మొదలుపెట్టి ఆంప్లిఫయరు మీద, గిటారు మీద చెప్పిన అబద్ధాల దాకా చెప్పారు. బడిలో పాఠం చెప్పినట్టు, వరసగా.

వెనక వరస నుంచి ఒక ముసలావిడ అంది, "వేలు పోయిందని అప్పుడే చెప్తే ప్రార్థన చేసేవాళ్లం కదయ్యా మాస్టారూ. నాలుగు నెలలు ఉత్త ఆంప్లిఫయరు కోసం చేయించావు."

ఒకరిద్దరు నవ్వారు. మాస్టారు నవ్వలేదు.

అప్పుడు హెన్రీ లేచి బల్ల దగ్గరికి వెళ్లాడు. నల్ల గిటారు తీసి పెట్టెలో పెట్టి, రెండు క్లిప్పులూ వేశాడు. పెట్టె తీసుకెళ్లి కారులో పెట్టి వచ్చాడు. తేనె రంగుది బల్ల మీదే ఉంది.

కుర్చీ ఎవరూ వెయ్యలేదు. మాస్టారు తన పాత చోట నిలబడి బెల్టు భుజానికి తగిలించుకున్నారు. మార్తమ్మ గారు పాట ఎత్తుకున్నారు. ఆయన కార్డులు కింద నడిచాయి. ఒకచోట తడబడ్డారు, ఆమె ఆ పదాన్ని కొంచెం సాగదీసి ఆయన అందుకునేదాకా ఆగారు. మొదటి చరణం అయింది. ఆ చుట్టు వచ్చింది. కీబోర్డు వాయించే ఆమె చేతులు తీసేసి ఒళ్లో పెట్టుకుంది. ముప్ఫయ్యేళ్ల అలవాటు, అందరూ ఆగారు. మాస్టారు కార్డులే మీటారు. పైన రాగం లేదు. సంఘమంతా ఆ ఖాళీని చివరిదాకా విన్నారు. తరవాత రెండో చరణం పాడారు.

బయటికి వస్తే కాలేషా గారు లేచి నిలబడి ఉన్నారు. "ఆరో తీగ కొంచెం ఎక్కువ మోగుతోంది. ఈసారి సన్నది వేద్దాం" అన్నారు.

పాత గిటారు ఇప్పుడు ఆ ఊళ్లో జెస్సీ అనే నర్సు దగ్గర ఉంది. మాస్టారే ఆమెకి రాగాలు నోటితో పాడి నేర్పుతున్నారు. ఆవిడ మార్పించుకోవడానికి తెచ్చిన తీగలు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే మసక. కాలేషా గారు చూసి, "ఇంకా చెయ్యి పడలేదమ్మా" అని పంపించారు.

జూన్‌లో మాస్టారు తేనె రంగుది తెచ్చారు. నన్ను కూడా పిలిచి కాలేషా గారు తీగలు విప్పి తెల్లగుడ్డ మీద పరిచారు. అయిదో తీగ మూడో ఫ్రెట్టు దగ్గర మసక. మొదటి రెండు తీగలకీ పైభాగమంతా తుప్పు, ముందటిలాగే. కాలేషా గారు తన వేలు ఆరో తీగ మీదికి జరిపారు. మూడో ఫ్రెట్టు చోట గోరంత మేర తెల్లగా మెరుస్తోంది.

"బొటనవేలు నెప్పి పుడుతోందా మాస్టారూ?"

"పుడుతోందండీ. రాత్రిళ్లు కూడా."

"పుట్టాలి" అని ఆయన కొత్త తీగలు అందుకున్నారు.