మాట్లాడించబడును

"మా అన్నను సంపినోని పేరు ఈ ఫోటో సెప్తాదా, సెప్పదా?"

2004 ఎన్నికలకు నెల ముందు, ప్రొద్దుటూరులో ఒక మిట్టమధ్యాహ్నం, గంగాధర్ అనేవాడు జీవరత్నాన్ని అడిగిన మాట ఇది. వెనక నలుగురు మనుషులు నిలబడి ఉన్నారు. ఒకడి చేతిలో గోనెసంచి, అందులో వేటకొడవలి.

ప్రశ్న పిచ్చిదే. కానీ తప్పు అడిగినవాడిది కాదు, బోర్డుది. ఆ బోర్డు రాసింది జీవరత్నమే.

జీవరత్నానిది జమ్మలమడుగు. మిషన్ కాలంలో క్రైస్తవం తీసుకున్న కుటుంబం. చదువు అబ్బక గోడల మీద పార్టీ గుర్తులు రాసి బతికాడు. రెండు పార్టీలకూ ఒకే బకెట్ సున్నం. ఆ రోజుల్లో గోడ ఎవరిదనే తగాదాకు కూడా బాంబులు పడేవి. ఒకసారి అతను నిచ్చెన మీద ఉండగానే కింద ఒకటి పేలింది. రెండు పళ్లు రాలాయి, ఎడమ చెవికి వినికిడి పోయింది. దీనికి పౌరుషమని పేరు పెట్టినవాళ్లెవరూ ఆ నిచ్చెన ఎక్కలేదు.

తర్వాత కంప్యూటర్ నేర్చుకుని ప్రొద్దుటూరులో అంగడి పెట్టాడు. కరపత్రాలు, పెళ్లి సీడీలు. ఏదో పత్రికతో వచ్చిన సీడీలో అతనికి బొమ్మను శబ్దంగా మార్చే ప్రోగ్రాం ఒకటి దొరికింది. అది బొమ్మను ఎడమ నుంచి కుడికి చదువుతుంది. పైనున్నది సన్నగా, కిందున్నది బొంగురుగా పలుకుతుంది. తెలుపు అరుస్తుంది, నలుపు నోరు మూసుకుంటుంది. ఏటవాలుగా ఒక గీత గీస్తే ఈల పైకి లేస్తుంది. గండికోట లోయ ఫోటో పెడితే ముందు గుర్రుమని, తర్వాత కుడి పక్కనున్న ఆకాశం దగ్గర కీచుమంటుంది. ఒంటి చెవితో అతను నెలల తరబడి ఇదే విన్నాడు.

ఆ సంబరంలో బోర్డు రాశాడు: "ఇచ్చట ఫోటోలు మాట్లాడించబడును."

"మోగించబడును అని రాయి," అనింది భార్య దీవెనమ్మ. "అది మోగుతాది గానీ మాట్లాడదు గదా."

"మోగేదానికి గంటలుండాయి. మన దగ్గరికెందుకొస్తారే?"

మొదట వచ్చింది గంగాధరే. పులివెందుల వైపు పల్లె. తాతల నాడు గొర్రెలు, తండ్రి నాడు సేద్యం, ఇతని నాటికి పార్టీ. ప్రచారం జీపుకు తమ పార్టీ గుర్తు బొమ్మనే సైరన్‌లాగా మోగించమన్నాడు. కరపత్రాలూ చేయించుకున్నాడు. "దుడ్లు ఎన్నికలైనాక," అన్నాడు.

మూడు వారాలకు వాళ్ల అన్న రంగయ్యను చంపారు. వంక దాటినాక సోడా బంకు దగ్గర జీపు ఆగింది. రెండు బాంబులు, ఆ పొగలోనే కొడవళ్లు. మెడ తెగలేదని మళ్లీ వచ్చి నరికారు. జీపు తోలే వలి బాషా అంతకు నిమిషం ముందే సోడా తాగడానికి దిగాడు. ఆ సోడాయే అతని నేరం. అతనే ముందుగా కబురిచ్చాడని అనుమానం అందరికీ ఉంది, చంపడానికి అది చాలలేదు. చాలినంత చేసుకోవడానికి గంగాధర్ శవం ఫోటో పట్టుకుని అంగడికి వచ్చాడు.

"అన్నా, అది పేర్లు సెప్పదు," అన్నాడు జీవరత్నం. "తెలుపుంటే అరుస్తాది, నలుపుంటే గమ్మునుంటాది. అంతే."

"అయితే బోర్డు మీద రాసిందేంది? అబద్ధమా? ఎయ్యప్పా."

వేశాడు. ఫోటోలో రంగయ్య మంచం మీద ఉన్నాడు. ఎడమ పక్క కింద తెల్లపంచె, కుడి పక్క పైన సున్నం గోడ. స్పీకర్లలోంచి ముందు "బా..." అని బొంగురుగా, తర్వాత "షా..." అని బుసకొట్టినట్టుగా వచ్చింది.

"బాషా అనింది," అన్నాడు వెనకనుంచి ఒకడు.

రెండోసారి వేయించారు. ఈసారి అయిదుగురికీ అలాగే వినబడింది.

"వాడు ఈ పొద్దు యాడుండాడు?" అన్నాడు గంగాధర్.

"మైదుకూరు రోడ్డులో అన్నా. జీపు రిపేరీ చేయిస్తాండాడు."

పది నిమిషాల దూరం. జీవరత్నం ఊరుకుని ఉంటే ఆ పూట అతనికి ఏమీ అయ్యేది కాదు. "ఇంగొక ఫోటో విని పోండన్నా," అన్నాడు. కంప్యూటర్లో గంగాధర్ కరపత్రం ఉంది. ఎడమ పక్క కింద తెల్లచొక్కాలో గంగాధర్, కుడి పక్క పైన తెల్లచొక్కాలో వాళ్ల నాయకుడు.

"బా... షా..."

గోనెసంచి పట్టుకున్నవాడికి నవ్వు ఆగలేదు. "నీ ఫోటో గూడా అదే అంటాందే. నువ్వెప్పుడు సచ్చినావన్నా?"

మిగతా ముగ్గురూ నవ్వారు. గంగాధర్ వాళ్లను కొట్టలేడు. ఎన్నికలకు వాళ్లు కావాలి. సంచిలోంచి కొడవలి తీసి, జీవరత్నం కుడిచేతిని కీబోర్డు మీద అదిమి పట్టి వేటు వేశాడు. చూపుడువేలు, నడిమివేలు తెగి అక్షరాల మీదే పడ్డాయి. మానిటర్ పగిలింది, స్పీకర్లు వీధిలో పడ్డాయి. గోడ మీది నెత్తురును దీవెనమ్మ రెండు రోజులు కడిగింది.

అయితే మైదుకూరు రోడ్డుకు ఎవరూ పోలేదు. చంపినాక ఊళ్లో తలెత్తుకుని చెప్పుకోవడానికి ఒక కథ ఉండాలి. వాళ్ల కథ నవ్వులపాలైంది.

జమ్మలమడుగు ఆసుపత్రికి వలి బాషా చూడ్డానికి వచ్చాడు. "మామా, నా పేరు మార్సుకునేదా?"

"నువ్వెందుకప్పా? వాళ్లను సొక్కాలు మార్సుకోమను."

పెద్దమనుషులు రాజీ చేశారు. రాజీ అంటే జీవరత్నం కేసు పెట్టకపోవడం. రంగయ్యను చంపిందెవరో తేలలేదు. బాషా ఇప్పటికీ జీపు తోలుతున్నాడు. జీవరత్నం బోర్డులో ఒక మాట చెరిపి, ఎడమచేత్తో "మోగించబడును" అని రాశాడు. అక్షరాలు కాస్త వంకర.

ఆ ఎన్నికలు అయిపోయాయి, ఆ తర్వాత ఇంకో నాలుగు కూడా అయిపోయాయి. కరపత్రాలకు, సైరన్ సీడీలకు గంగాధర్ ఇవ్వవలసిన రెండువేల నాలుగువందలు ఇంకా ఇవ్వలేదు.