ట్విల్లీ మేడం కళ్ళజోడు

మేపుల్ హాలో హైస్కూల్లో నాటకాలు నేర్పే ట్విల్లీ మేడంకి ఉన్న జబ్బు ఒక్కటే. ఆవిడ కళ్ళజోడు ఆవిడ దగ్గర ఉండదు. ఫ్రిజ్‌లో పాలసీసా పక్కన ఉంటుంది, దుస్తుల పెట్టెలో రాజుగారి గడ్డం కింద ఉంటుంది, చాలాసార్లు ఆవిడ నెత్తిమీదే ఉంటుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికే తల్లి సామెతలోనే ఉంటుందనుకునేవాళ్ళు ఒకసారి అమెరికాలో ఒహాయో వచ్చి ఈవిడను చూసి పోవాలి.

"అయ్యో, నా కళ్ళజోడు!" అని కేక వినబడగానే రిహార్సల్ ఆగిపోయేది. కిరీటాలు పెట్టుకున్న రాజులూ, చిరుగుల కోట్ల బిచ్చగాళ్ళూ, అప్పుడే చచ్చిపడ్డ శవాలూ అందరూ లేచి మోకాళ్ళ మీద కుర్చీల కింద దూరేవాళ్ళు. ఆ బళ్ళో నాటకాల క్లాసులో చేరిన పిల్లలు మొట్టమొదట నేర్చుకునే విద్య పాకడం. నటన తర్వాత.

ఓసారి నాటకం మొదలైపోయాక పోయింది. ఆవిడ ముందు వరసలో కూర్చుని, "నా కళ్ళజోడేదీ" అని గుసగుసగా అడిగారు. ఆ గుసగుస హాల్లో ఆఖరి వరసదాకా వెళ్ళింది. స్టేజి మీద జమీందారిణికి టీ అందిస్తున్న నౌకరు కుర్రాడికి అది చక్కెర గిన్నెలో కనిపించింది. వాడేం తడబడలేదు. పళ్ళెంతో సహా స్టేజి అంచుదాకా వచ్చి, నడుం వంచి, "మీరడిగిన కళ్ళజోడు అమ్మగారూ" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఇంకో బడినుంచి వచ్చిన విమర్శకుడైతే, "డబ్బున్నవాళ్ళ గుడ్డితనానికి ఆ కళ్ళజోడు గొప్ప ప్రతీక" అని రాసి పారేశాడు. మేడం ఆ ముక్కను కత్తిరించి మేకప్ గది గోడకి అంటించుకున్నారు.

ఆ విమర్శకులు కూడా బడి పిల్లలే. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో అదొక ఆనవాయితీ. ఒక బడివాళ్ళు నాటకం వేస్తే మిగతా బళ్ళనుంచి పిల్లలు వచ్చి చూస్తారు, విరామంలో ఓ గదిలో చేరి బిస్కెట్లు నములుతూ పోట్లాడుకుంటారు, ఆదివారం మధ్యాహ్నానికల్లా సమీక్ష రాసి పంపిస్తారు. బాగున్నది ఊరి పత్రికలో అచ్చవుతుంది. రాసినవన్నీ మాత్రం, మంచైనా చెడైనా, సోమవారం ఆ నాటకం వేసిన పిల్లలకి చదివి వినిపిస్తారు. వేసవి ముందు పెద్ద సభ పెట్టి, మంచి నటులకీ దీపాలు వేసినవాళ్ళకీ గడ్డాలు అంటించినవాళ్ళకీ, చివరికి మంచి విమర్శకులకీ కూడా బహుమతులిస్తారు.

ఆ ఏడు విమర్శకుల బహుమతి నది అవతలి బడి పిల్ల డెల్‌ఫీన్ క్రౌచ్‌దేనని అందరూ అనుకుంటున్నారు. డెల్‌ఫీన్ కలం అంత పదును. మొదటిసారి మేపుల్ హాలోకి వచ్చినప్పుడు విమర్శకుల గదిలో ట్విల్లీ మేడం ఓ మూలకి తిరిగి, "నిలబడే ఉన్నావేం నాయనా, కూర్చో, బిస్కెట్ తిను" అంటున్నారు.

"మేడం, అది కోట్లు తగిలించే స్టాండు" అంది డెల్‌ఫీన్.

"అయితే ఏం? వాడి బిస్కెట్ కూడా నువ్వే తిను."

ఆ వారం డెల్‌ఫీన్, "మేపుల్ హాలో నాటకాల్లో అన్నిటికన్నా ఉత్కంఠ కలిగించే పాత్ర కళ్ళజోడు" అని రాసింది. అందరికన్నా పెద్దగా నవ్విందీ, దాన్ని గోడకి అంటించిందీ మేడమే. "చూడండ్రా, పిల్లకి ఎంత చురుకో!" అని వచ్చినవాళ్ళకల్లా చూపించారట. డెల్‌ఫీన్‌కి కాళ్ళు నేలమీద ఆనలేదు. అప్పట్నుంచి జనం నవ్వే ముక్క ఒకటి దొరికేదాకా ఆ పిల్ల కలం కింద పెట్టేది కాదు. కొంప ముంచిందీ ఆ అలవాటే.

ఈసారి మేపుల్ హాలోలో ఓ రైతు కుటుంబం నాటకం వేశారు. పెద్దకొడుకు వేషం ఒట్టో హారిగన్ అనే కుర్రాడిది. మొదట ఆ వేషం కట్టాల్సినవాడు జబ్బుపడితే, అంతవరకూ తెర లాగే ఒట్టోని ముందుకి తోశారు. పాపం, వాడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నాటకమంతా వాటిని ప్యాంటు జేబులకి కాపలా పెట్టాడు. డెల్‌ఫీన్ ఇంటికెళ్ళి రాసింది: "ఒట్టో హారిగన్ కన్నా వాడి వెనకున్న అట్ట ఆపిల్ చెట్టు బాగా నటించింది. చెట్టు కనీసం ఒకసారి కదిలింది."

రాసి తనే పడీపడీ నవ్వుకుంది. వాళ్ళమ్మకి చదివి వినిపించింది. ఆవిడా నవ్వింది. నవ్వి, "ఆ అబ్బాయి వింటాడా ఇది?" అంది.

"విననీ అమ్మా. స్టేజి ఎక్కినవాడికి ఆమాత్రం తెలియదా?"

ఆదివారం సాయంత్రం రొవీనా ఫోన్ చేసింది. రొవీనా డెల్‌ఫీన్ పెదనాన్న కూతురు, మేపుల్ హాలోలో దీపాలు వేస్తుంది.

"ఏమే, రాశావా?"

"రాశాను."

"ఒట్టో గురించి బాగా రాశావా? నీ సమీక్షలన్నీ కత్తిరించి దాచుకుంటాడే వాడు. అబద్ధాలు రాయదు, డెల్‌ఫీన్ బాగుందంటే బాగున్నట్టే, లేదంటే మళ్ళీ తెర దగ్గరికే పోతా అంటున్నాడు. తిండి కూడా సరిగ్గా తినట్లేదు, వెధవ!"

డెల్‌ఫీన్ ఫోన్ పెట్టేసింది. నాటకం చూస్తుండగా తన కంటపడ్డ ఇంకో సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మూడో రంగంలో తండ్రి ఇల్లు వదిలి గనుల్లో పనికి పోతాడు. మిగతావాళ్ళంతా తలుపు వైపు చూస్తూ ఏడుస్తున్నారు. ఒట్టో ఒక్కడూ తలుపు వైపు చూడలేదు. తండ్రి మర్చిపోయి వదిలేసిన టోపీ వైపు చూశాడు. అది చూసి డెల్‌ఫీన్ ఒళ్ళు జలదరించింది కూడా. రాద్దామనే అనుకుంది. కానీ ఆ మాట పెడితే చెట్టు మీది జోకు పండదని వదిలేసింది.

సమీక్షలు చేరవేసే ఆయనకి ఫోన్ చేస్తే, "ఎప్పుడో మేపుల్ హాలోకి పంపేశానమ్మా" అన్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. కలం జారితే ఆదివారం మధ్యాహ్నం దాటాక దేవుడు కూడా తీసుకోలేడు.

సోమవారం బడి వదలగానే అమ్మ కారు వేసుకుని డెల్‌ఫీన్ నది దాటింది. ఏం చెయ్యాలని వెళుతోందో తనకే తెలియదు. కాగితం లాక్కుని చింపాలా? ఒట్టో కాళ్ళమీద పడాలా? హాలు తలుపు తోసేసరికి నాటకం పిల్లలంతా స్టేజి అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నారు. చివర్న ఒట్టో గోళ్ళు కొరుక్కుంటున్నాడు. ఎదురుగా ట్విల్లీ మేడం, చేతిలో కాగితాల కట్ట, ముక్కుమీద కళ్ళజోడు.

"ఇదిగో, మన డెల్‌ఫీన్ రాసింది" అంటూ పై కాగితం తీశారు మేడం. "దుస్తులు బాగున్నాయంది. తల్లి వేషం వేసిన పిల్ల గొంతు బాగుందంది. తర్వాత... 'ఒట్టో హారిగన్...' "

ఆగారు. డెల్‌ఫీన్ తలుపు దగ్గరే కొయ్యబారిపోయింది.

మేడం గట్టిగా తుమ్మారు. జేబురుమాలు తీశారు, మొహం తుడుచుకున్నారు, రుమాలు జేబులో కుక్కారు. తల పైకెత్తేసరికి ముక్కుమీద ఏమీ లేదు.

"అయ్యో, నా కళ్ళజోడు!"

పిల్లలు బిలబిలమంటూ దూకి కుర్చీల కింద దూరారు. ఒట్టో మాత్రం కదల్లేదు.

"మేడం, ముందు అది చదవండి" అన్నాడు.

"చూపు ఆనట్లేదు నాయనా. ఉండు, ప్రయత్నిస్తా." కాగితాన్ని ముక్కుకి ఆనించుకున్నారు, దూరంగా పెట్టారు, తలకిందులుగా కూడా పట్టుకున్నారు. "ఆఁ. 'ఒట్టో హారిగన్‌కి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఇంకా తెలియదు, నేర్చుకోవాలి. కానీ తండ్రి వెళ్ళిపోయినప్పుడు ఈ కుర్రాడు తలుపు వైపు చూడలేదు, టోపీ వైపు చూశాడు. అది ఎవరో నేర్పితే వచ్చేది కాదు.' అని రాసిందిరా."

ఒట్టో చెవులదాకా ఎర్రబడ్డాడు. ఎవరో తలుపు వైపు చూసి, "అదుగో, డెల్‌ఫీనే వచ్చింది!" అన్నారు. కుర్చీల కిందనుంచి తలలు లేచాయి, చప్పట్లు మోగాయి. ఒట్టో గబగబా వచ్చాడు.

"టోపీ సంగతి ఎవరూ చూడలేదనుకున్నా."

తేలు కుట్టిన దొంగలా నిలబడింది డెల్‌ఫీన్. "చూశాను" అంది. అది మాత్రం నిజమే. ఆ నిజమే ఎక్కువ మండింది.

వాడు కళ్ళజోడు వెతకడానికి పోయాక మేడం దగ్గరికి వెళ్ళింది.

"నేను రాసింది అది కాదు మేడం."

"తెలుసు తల్లీ. పొద్దున్నే చదివాను."

"మరి వాడి కోసం..."

"వాడికేం? నాలుగు రోజులు ఏడుస్తాడు, మర్చిపోతాడు. నువ్వు మర్చిపోవు." ఆవిడ గొంతు తగ్గించారు. "నీ వయసులో నేనూ రాశాను. ఓ పిల్ల గురించి. భలే నవ్వొచ్చే మాట. ఆ పిల్లకి ఈపాటికి మనవలు పుట్టుంటారు, గుర్తుండి ఉండదు. నాకు మాత్రం కామాతో సహా కంఠతా ఉంది."

మేడం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి డెల్‌ఫీన్ చేతిలో పెట్టారు.

"రేపటికి నా కళ్ళకి ఆనేలా మళ్ళీ రాసి తీసుకురా. చేతుల సంగతి కూడా రాయి, వాడు నేర్చుకోవాలి. పత్రికకీ అదే పంపు. బాగుంటే గోడకి అంటిస్తా."

"మేడం! ఎక్కడా లేదు!" అని ఒట్టో ఆఖరి వరసనుంచి అరిచాడు.

"సరిగ్గా వెతకండి నాయనా! ఈ కాలం పిల్లలకి ఓపిక లేదు!"

ఆవిడ స్వెటరు జేబులో, రుమాలు పక్కనుంచి, కళ్ళజోడు కాడ ఒకటి బయటికి తొంగి చూస్తోంది. డెల్‌ఫీన్ దాన్ని చూసింది. మేడం మొహం చూసింది. చెయ్యి చాచి ఆ కాడని మెల్లిగా జేబులోకి నెట్టి, రుమాలు పైకి లాగి కప్పింది. తర్వాత మోకాళ్ళ మీద కూలబడి, ముందు వరస కుర్చీల కింద దూరి, ముక్కు ఎగబీలుస్తూ హాలంతా వినబడేలా అరిచింది.

"ఈ వరసలో లేదు మేడం! పక్క వరస చూస్తున్నా!"