వీడియో డాక్టరుది ఏ ఊరు?

అర్ధవీడు అంకన్నకు ఉన్న జబ్బు ఒక్కటే: ఎదుటి మనిషిది ఏ ఊరో, ఎవరి కొడుకో తేలకపోతే ఆయనకు మజ్జిగ కూడా అరగదు. కరెంటు బిల్లు కొట్టేవాణ్ణి తాత పేరు దాకా అడుగుతాడు. ఫోన్లో కంపెనీ గొంతు "ఒకటి నొక్కండి" అంటే, "నొక్కుతాలే తల్లీ, మీది ఏ ఊరు?" అంటాడు.

పక్కింటి ఆదిలక్ష్మమ్మకు ఆయన్ను చూస్తేనే ఒళ్లుమంట. ఆమెకు షుగరు. ఏదో ఆకురసం తాగితే షుగరు పారిపోతుందని ఫోన్లో వీడియో చూసి గోలీలు మానేసింది. కాలి మీద పుండేమో మానలా. అంకన్న రోజూ గోడ మీదుగా తగులుకుంటాడు.

"ఏమ్మే, నీ వీడియో డాక్టరుది ఏ ఊరు?"

"ఏ ఊరైతే నీకేంది? పిల్లనిస్తావా?"

"ఊరూ పేరూ లేనోడు పెట్టిన ఆకు నా మేక కూడా తినదు!"

ఇంతలో ఊరి సచివాలయంలో డిజిటల్ ఆరోగ్య అవగాహన సదస్సు పెట్టినారు. గదికన్నా బ్యానరు పెద్దది. సదస్సు నడిపే వాణి మేడం గంటసేపు "సమాచార మూలాన్ని ధ్రువీకరించుకోవాలి" అని చెప్పింది. జనం బిస్కెట్లు ధ్రువీకరించుకున్నారు.

అంకన్న లేచినాడు. "అంటే ఏ ఊరో అడగమనేగా తల్లీ?"

"అంతే పెదనాయనా!"

ఇంక ఆగుతాడా! వీడియో కాల్లో తెర మీదికి మార్కాపురం సర్కారు డాక్టరు వచ్చి, "గోలీలు మానొద్దమ్మా" అని ఆదిలక్ష్మమ్మకు చెబుతుంటే నడుమ దూరినాడు.

"మీది ఏ ఊరు నాయనా?"

సిగ్నలు పోయింది. గదంతా నవ్వులు.

"ఉన్న ఒక్క డాక్టర్నీ తరిమినావు గదన్నా! ఆయన ఊరు మాత్రం నీకు తెలుసా? నా వీడియో డాక్టరే నయం," అని ఆదిలక్ష్మమ్మ విసవిసా ఇంటికి పోయింది.

మర్నాడు గోడ దగ్గర అంకన్న లేడు. పీడ వదిలిందనుకుందామె. పొద్దుగూకే వేళకు దుమ్ము కొట్టుకొని గుమ్మంలో నిలబడినాడు.

"మార్కాపురం పోయొచ్చినా. డాక్టరు పేరు పవన్ కుమార్. ఊరు కురిచేడు. వాళ్లమ్మకూ షుగరే. ఆమె కూడా ఇవే గోలీలు మింగుతాదంట."

"దీనికోసం బస్సెక్కి పోయినావా? మతి ఉందా?"

"నువ్వేగా అడిగింది!"

ఆదిలక్ష్మమ్మ గూట్లో పడేసిన గోలీల అట్ట తీసింది. "చెన్నకేశవా" అని ఒకటి కళ్లకద్దుకుంది.

"వాళ్లమ్మ పేరేంది?"

"అడగలా... నీ పుండు ఎప్పుడు మానుతాదని అడుగుతా ఉంటేనే బయటికి పంపినారు."

"అంత దూరం పోయి పేరడగలా? నువ్వేం మనిషివన్నా!" అని ఈసడించి, ఆదిలక్ష్మమ్మ గోలీ మింగింది.