టైలరమ్మ కలలు

మెట్ల కింద ఇరుకు గదిలో కుట్టుమిషను వేసుకుని, వీధిలో సగం మందికి చొక్కాలు కుట్టిన మనిషి ఆమె. అందరికీ టైలరమ్మే. నలభై దాటాక సూదిలో దారం ఎక్కడం మానేసింది. చత్వారమేలే అని అద్దాలు మార్చుకుంటూ పోయింది. తీరా చూస్తే అది నీటికాసుల జబ్బు, గ్లకోమా. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికే కంటి నరం ఎండిపోయింది. రెండేళ్లు తిరక్కుండా చూపు పూర్తిగా పోయింది.

కలల్లో మాత్రం అన్నీ కనిపించేవి. ఎర్ర గళ్ల గుడ్డ, పసుపు దారపు ఉండ, ఖాకీ యూనిఫాంలో బస్సు డ్యూటీకి వెళ్లే మొగుడు. అంతకుముందు కలల్ని లెక్కచేసిన మనిషి కాదు. ఇప్పుడు "సినిమాకి పోతున్నా, నన్ను లేపకండి" అని చెప్పి మరీ పడుకునేది. పొద్దున్నే కళ్లు తెరవాలంటే ప్రాణం ఉసూరుమనేది.

ఏళ్లు గడిచేకొద్దీ ఆ సినిమా కూడా వెలిసిపోతూ వచ్చింది. పసుపూ ఆకుపచ్చా ఒకటైపోయాయి. మనుషులు మసకబారారు. ఒకనాడు కలలో భర్త వచ్చాడు. నడక ఆయనదే, గొంతు ఆయనదే, ముఖం ఉండాల్సిన చోట మాత్రం ఏమీ లేదు. లేచి కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. టీ తెస్తున్న భర్త హడలిపోయాడు.

"ఏమైందే?"

"నీ ముఖం మర్చిపోయానయ్యా."

"ఓస్, అంతేనా! నేనింకా ఏం మునిగిపోయిందో అనుకున్నా. పోయింది మంచి సరుకైతే ఏడవాలిగానీ..."

"నీకు వేళాకోళంగా ఉంది. పగలు ఎలాగూ కనపడవు. ఇక నిన్ను ఎక్కడ చూడను?"

ఆయన గ్లాసు కింద పెట్టి, ఆమె చేతులు రెండూ తన ముఖం మీద పెట్టుకున్నాడు. ఆమె నెమ్మదిగా తడిమింది. బుగ్గలు జారిపోయాయి. కనుబొమలు గరుకుగా పెరిగాయి. నుదుటి మీద ముడతలు. ఇన్నాళ్లూ తను పోగొట్టుకోకూడదని పట్టుకు వేళ్లాడింది ఎప్పటి ముఖమో.

"ఇంత ముసలాడివి ఎప్పుడయ్యావు?"

"నువ్వు చూడకుండా అయ్యాను. నువ్వు మాత్రం పడుచుపిల్లవా ఏంటి?"

ఏడుస్తూనే ఫక్కున నవ్వింది.

ఆ మరుసటేడు కూతురికి ఆడపిల్ల పుట్టింది. కూతురు ఆఫీసుకు వెళ్తూ పాపను అమ్మమ్మ దగ్గర వదిలేది. ఓ మధ్యాహ్నం పాపను పక్కలో వేసుకుని టైలరమ్మ కునుకు తీసింది. కలలోనూ మనవరాలే. రంగూ రూపూ ఏమీ లేవు. ఒళ్లో వెచ్చటి బరువు, మెడ దగ్గర పౌడరు వాసన, తన వేలిని గట్టిగా పట్టుకున్న తడి గుప్పిట, అర్థంకాని ఊసులు. మెలకువ వచ్చాక గానీ తెలియలేదు, కలలో తను ముఖం కోసం వెతకనేలేదని.

సాయంత్రం కూతురికి చెప్పింది. "కలలో ఎలా ఉందమ్మా? నా పోలికా, వాళ్ల నాన్న పోలికా?" అని కూతురు అడిగింది.

"పోలికలు నాకేం తెలుసే! గడుసుది. పట్టుకుంటే వదల్లేదు."

ఇప్పటికీ ఎప్పుడైనా కలలో ఓ ఎర్రటి మెరుపు మెరుస్తుంది. ఆ పూట ఇంటికి చుట్టాలొచ్చినంత హుషారుగా ఉంటుంది. రాకపోతే దిగులు మాత్రం లేదు. పాప నిద్ర లేచేలోపు దిండుగలీబులకు తడుముకుంటూ అంచులు కుట్టెయ్యాలని, గోడ పట్టుకుని, మొగుడు దారం ఎక్కించి ఉంచిన మిషను దగ్గరికి వెళ్తుంది.